మన పేరు పక్కనున్న మాటను చెరిపించడానికి పాటుపడిన పెద్దాయన – వెన్నెలకంటి రాఘవయ్యగారు

ఈ స్మారక సంచికలో మన జాతుల పెద్దలను ఒక్కొక్కరినీ తలచుకుంటున్నాం. మన జాతిలో పుట్టకపోయినా మన కోసమే బతుకు వెచ్చించిన ఒక పెద్దాయనను ఈ వరసలో చేర్చకపోతే అది కృతఘ్నత అవుతుందని మాకు అనిపించింది. ఆయన వెన్నెలకంటి రాఘవయ్యగారు. చదువుకుంటున్న మన పిల్లల్లో చాలామంది ఆ పేరు వినలేదు. వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

రాఘవయ్యగారు 1897లో నెల్లూరు ప్రాంతంలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివారు. ఆ రోజుల్లో ప్లీడరు వృత్తి అంటే పట్టణంలో మంచి ఇల్లు, నలుగురిలో గౌరవం. ఆయన గాంధీగారి బాట పట్టి స్వాతంత్ర్యోద్యమంలోకి దిగారు, జైలుకు వెళ్ళారు. ఉద్యమంలో పనిచేసినవాళ్ళు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. కానీ స్వరాజ్యం యానాది గుడిసెకు కూడా రావాలి కదా అని పట్టుబట్టి, ఆ పనినే జీవితమంతా చేసినవారు చాలా తక్కువ. రాఘవయ్యగారు ఆ తక్కువమందిలో ఒకరు.

అప్పటి మన బతుకు ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. చేలో ఎలుకలు పడితే యానాదిని పిలిచేవారు. కుండలో గడ్డి రాజేసి, కన్నంలోకి పొగ ఊది ఎలుకను బయటికి రప్పించే విద్య మనవాళ్ళది. రాత్రిపూట చేనుకు, కళ్ళానికి కాపలా కూడా మనవాళ్ళే. అదే ఊళ్ళో ఏదైనా పోయిందంటే పోలీసులు మొదట వచ్చేదీ మన గుడిసెలకే. నమ్మి కాపలా పెట్టేవాళ్ళే తెల్లారేసరికి దొంగలని వేలు చూపేవారు. ఆసామి దగ్గర తీసుకున్న కొద్దిపాటి అప్పు తండ్రి నుంచి కొడుకుకు దిగి, తరాల తరబడి వెట్టిగా మారిపోయేది.

దీనికి తోడు చట్టం వచ్చింది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తప్పు చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు. ఫలానా జాతిలో పుడితే చాలు, పేరు రిజిస్టరులోకి ఎక్కేది. వేలిముద్రలు తీసుకునేవారు. చెప్పిన వేళకు హాజరు పలకాలి. పొరుగూరు వెళ్ళాలంటే అనుమతి కాగితం చేతిలో ఉండాలి. మన ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో అలా ఏర్పడిందే. కృష్ణ ఒడ్డున సీతానగరం, నెల్లూరు జిల్లాలో కావలి కూడా అలాంటి చోట్లే. నెల్లూరు జిల్లా యానాదులు కూడా ఈ చట్టం కిందికి వచ్చారు.

రాఘవయ్యగారు చేసిన పని ఏమిటంటే, ముందు యానాదులను ఒక సంఘంగా కూడగట్టారు. తన మాట ఎక్కడా చెల్లదని నమ్మిన మనిషికి నలుగురితో కలిసి నిలబడితే వింటారన్న ధైర్యం ఇచ్చారు. చదువు సంగతి, నివేశన స్థలాల సంగతి, వెట్టి సంగతి అధికారుల దృష్టికి తెచ్చారు. మద్రాసు శాసనసభ సభ్యులుగా కూడా పనిచేశారు. పుట్టుకతో ఎవరూ నేరస్థులు కారని చెప్పడం ఈనాడు తేలిక. పెద్దమనుషులు సైతం ఆ చట్టం సబబేనని నమ్మిన రోజుల్లో అది చెప్పడానికి గుండె కావాలి.

ఆయనా, ఆయనలాంటి మరికొందరూ ఏళ్ళ తరబడి చేసిన పోరు ఫలించింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. నేటికీ ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటున్నాం.

చట్టం పోయింది కదా అని ఆయన విశ్రాంతి తీసుకోలేదు. ఆదిమజాతి సేవక సంఘం పనిలో కొనసాగుతూనే కలం పట్టారు. 1962లో యానాదుల మీద, 1968లో సంచార జాతుల మీద, 1971లో గిరిజన తిరుగుబాట్ల మీద ఇంగ్లీషులో పుస్తకాలు వెలువరించారు. మొదటి పుస్తకం నాటికి ఆయనకు 65 ఏళ్ళు. మన గురించి అంతకుముందు రాసినవాళ్ళలో ఎక్కువమంది దొరలూ, పోలీసు అధికారులూ. వాళ్ళు మన ముక్కు కొలతలు, మన మీద ఉన్న కేసులు రాసుకున్నారు. రాఘవయ్యగారు మన కష్టం, మన ఆచారం, మన తిరుగుబాటు రాశారు. 1973లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 1981లో ఆయన కన్నుమూశారు.

ఆయన నెల్లూరువారు కదా, మనకేం సంబంధం అని కుర్రవాళ్ళు అడగవచ్చు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోవే. ఆ ఊళ్ళ యానాదులు ఆయన సొంత జిల్లావారే. ఇక చట్టం రద్దు ఫలం జిల్లా ఎల్లలు చూసుకుని ఆగలేదు. స్టూవర్టుపురం మనిషి కాగితం లేకుండా బాపట్లలో రైలెక్కగలిగాడంటే అందులో ఆయన చెమట కూడా ఉంది.

అయితే ఒక మాట దాచుకోకుండా చెప్పుకోవాలి. రిజిస్టరులో చెరిగిన మాట మనుషుల మనసులో ఇంకా పూర్తిగా చెరగలేదు. ఈనాటికీ కళ్ళంలో రెండు మిరపకాయల టిక్కీలు మాయమైతే, పత్తి కూలికి వచ్చిన మన ఆడపడుచుల వైపు చూసే చూపు మాకు తెలుసు. బడిలో మన పిల్లవాడి కులం పేరే తిట్టుగా వినబడటమూ తెలుసు. రాఘవయ్యగారు చట్టంతో చేయగలిగినంత చేశారు. మిగిలింది చట్టంతో అయ్యేది కాదు. అది మన చదువుతో, మన ఐకమత్యంతో, మన నోటితో మనమే మన కథ చెప్పుకోవడంతో కావాలి.

ఒకప్పుడు మన కథ రాయడానికి బయటివారి చేయి కావలసి వచ్చింది. అది ప్రేమగల చేయి కావడం మన అదృష్టం. ఇప్పుడు మన ఇళ్ళలో డిగ్రీలు చదివిన బిడ్డలున్నారు. హాజరు పలికిన తాతల జ్ఞాపకాలు, సెటిల్మెంటులో పుట్టిన అమ్మమ్మల మాటలు వాళ్ళు రాసిపెట్టాలి. ఆ పెద్దలు వెళ్ళిపోతే ఆ మాటలూ వాళ్ళతోనే పోతాయి. రాఘవయ్యగారి రుణం కొంతైనా తీర్చుకునే దారి మాకు ఇదే కనిపిస్తోంది.

ఆ పెద్దాయనకు మా సంఘం తరఫున జోహార్లు.