వాన్ న్యూమన్ కలిపిన జిగట

మన సీఎస్‌ఈ వాళ్లకి వాన్ న్యూమన్ అంటే కంప్యూటర్ ఆర్గనైజేషన్ మొదటి యూనిట్‌లో ఒక బొమ్మ. ఇటు మెమరీ, అటు ప్రాసెసర్, మధ్యలో బాణాలు. అసలు ఆ మనిషికి కంప్యూటర్‌తో ఏం పని పడిందో మనం అడగం. నేనూ అడగలేదు, పోయిన సెమిస్టర్‌లో నా కోడ్ పేలిపోయేదాకా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఆయన 1903 డిసెంబరు 28న బుడాపెస్ట్‌లో, బాగా ఉన్న యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి మిక్సా బ్యాంకర్. 1913లో ఆ కుటుంబానికి ప్రభుబిరుదు వచ్చింది, పేరులో వాన్ అక్కడిది. అబ్బాయికి లెక్కలంటే ప్రాణం. లెక్కలు చదివితే బతుకుతెరువు ఎలా అని తండ్రి బెంగ. చివరికి రాజీ కుదిరింది: జ్యూరిక్‌లో కెమికల్ ఇంజనీరింగ్, దానితోపాటే బుడాపెస్ట్‌లో లెక్కల పీహెచ్‌డీ. 1926లో రెండూ పూర్తి చేసేశాడు. ఈ కథ మన ఇళ్లలోనూ నడుస్తుంది కానీ, మనం సాధారణంగా ఇంజనీరింగ్ దగ్గరే ఆగిపోతాం.

1930లో ప్రిన్స్‌టన్ వెళ్లాడు, 1937లో అమెరికా పౌరుడయ్యాడు. యుద్ధం దగ్గరపడుతుంటే ఆబర్డీన్‌లోని సైనిక ప్రయోగశాలకి సలహాదారుగా పేలుళ్ల లెక్కల్లోకి దిగాడు. 1943 నుంచి లాస్ అలమోస్. అక్కడ ప్లుటోనియం గోళాన్ని చుట్టూ పెట్టిన పేలుడు పదార్థంతో అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కాలి. అంటే షాక్ వేవ్ ఎప్పుడు ఎక్కడ ఉంటుందో ముందే లెక్కకట్టాలి.

షాక్ వేవ్ అంటే ఇంతే: ముందున్న గాలికి కబురు అందేలోపే వెనకది వచ్చి మీద పడుతుంది. ప్రెషర్, డెన్సిటీ ఒక్కసారిగా ఎగురుతాయి. ఆ ఎగిరే చోటు మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. లెక్కలో మనం పెట్టే గళ్లేమో దానికన్నా ఎన్నో రెట్లు పెద్దవి. ఇక్కడే అసలు చిక్కు.

1944లో ఆయన ఒక పద్ధతి ప్రతిపాదించాడు. గ్యాస్‌ని వరసగా పూసల్లా విడగొట్టి, ఒక్కో పూస కదలికని పంచ్‌కార్డు యంత్రాల మీద లెక్కించడం. షాక్ వచ్చింది, కానీ దాని వెనకాల పూసలన్నీ గిలగిలా ఊగిపోయాయి. వేడిగా మారాల్సిన ఎనర్జీకి మారే దారి లేక అలా ఊగుతోంది. ఆయన దీన్ని తప్పు అనుకోలేదు. అణువుల ఊగులాటే కదా వేడి అంటే, సగటు తీసుకుంటే సరిపోతుంది అని వాదించాడు. తెలివైన వాదనే. నాకు మాత్రం ఇది మన ల్యాబ్ రికార్డు వాదనలా అనిపించింది. ఎందుకంటే నేనూ అదే చేశాను: షాక్ ట్యూబ్‌కి లాక్స్-వెండ్రాఫ్ పద్ధతి రాస్తే మొదట అన్నీ నాన్‌లు వచ్చాయి, టైమ్ స్టెప్ తగ్గిస్తే పేలడం ఆగింది, ఊగులాట మిగిలింది. గ్రాఫ్‌ని స్మూత్ చేసి అతికించేశాను.

ఆ 1944 వేసవిలోనే ఆబర్డీన్ రైల్వే స్టేషన్‌లో హెర్మన్ గోల్డ్‌స్టైన్ కలిసి, ఎనియాక్ అనే యంత్రం తయారవుతోందని చెప్పాడు. మరుసటి ఏడాదికి ఎడ్వాక్ రిపోర్టు వచ్చింది, మన బొమ్మ అందులోంచే. ఎకర్ట్, మాక్లీల పేర్లు లేకుండా ఆయన ఒక్కడి పేరుతో బయటికి రావడం ఇప్పటికీ వివాదమే. నా ఓటు ఎకర్ట్, మాక్లీలకే.

1945లో బాంబు ఎక్కడ వేయాలో తేల్చే కమిటీలో కూడా ఆయన ఉన్నాడు. షాక్ నేలకి తగిలి తిరిగొచ్చే తీరు మీద ఆయన చేసిన పని వల్ల, నేల మీద కన్నా గాలిలో పేలిస్తే నష్టం ఎక్కువని తేలింది. హిరోషిమా మీద బాంబు సుమారు 600 మీటర్ల ఎత్తులో పేలింది. నేను ఆ లెక్కని మెచ్చుకుంటూ చదువుతున్నప్పుడు ఈ వాక్యం ఎదురైంది. కాసేపు లాప్‌టాప్ మూసేశాను.

యుద్ధం అయ్యాక ఊగులాటకి మందు దొరికింది. లాస్ అలమోస్‌లో రాబర్ట్ రిక్ట్‌మయర్ 1948లో ఒక రిపోర్టు రాశాడు, 1950లో ఇద్దరి పేర్లతో పేపర్ వచ్చింది. గాలికి లేని జిగటని లెక్కలో కలపాలి. అన్నిచోట్లా కాదు. పక్క గడికీ దీనికీ వేగంలో తేడా ఎంతో, దాని వర్గాన్ని బట్టి. ప్రవాహం నున్నగా ఉన్నచోట అది దాదాపు సున్నా, షాక్ దగ్గర గట్టిగా పట్టుకుంటుంది. ఊగాల్సిన ఎనర్జీ వేడి అయిపోతుంది, షాక్ మూడు నాలుగు గళ్ల మందాన పరుచుకుంటుంది.

అబద్ధం కలిపితే జవాబు ఎలా నిజమవుతుంది? షాక్‌కి ముందూ వెనకా ఏముండాలో మాస్, మొమెంటం, ఎనర్జీ నిలిచి ఉండటమే తేల్చేస్తుంది. మధ్యలో జిగట ఎంతన్నది దానికి పట్టదు. జిగట మార్చేది మందాన్నే. అందుకే వేగం, ప్రెషర్ సరిగ్గా వస్తాయి. 1944లో ఊగులాటని సమర్థించిన మనిషి ఆరేళ్లకి దాన్ని ఆపే పేపర్ మీద సంతకం పెట్టడం నాకు ఆ ఎడ్వాక్ బొమ్మ కన్నా గొప్పగా అనిపిస్తుంది.

నా నాన్‌లకి జవాబు కూడా ఆయన దగ్గరే ఉంది. ఒక టైమ్ స్టెప్‌లో అల ఒక గడి దాటకూడదని 1928లోనే కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ చెప్పారు. తప్పుని ఫూరియే అలలుగా విడగొట్టి, ఏ అల పెరుగుతోందో చూడమని నేర్పింది వాన్ న్యూమన్. 1950లో ఎనియాక్ మీద చార్నీ, ఫ్యోర్టాఫ్ట్‌లతో కలిసి చేసిన వాతావరణ లెక్కలోనూ ఇదే పరీక్ష వాడారు.

మన మెకానికల్ బ్రాంచ్ వాళ్లు క్రాష్ లెక్కలకి వాడే ఎల్ఎస్-డైనాలో బల్క్ విస్కాసిటీ అని రెండు అంకెలు ముందే నింపి ఉంటాయి: 1.5, 0.06. మొదటిది ఆ వర్గం పదానిది. రెండోది లాండ్‌షాఫ్ 1955లో చేర్చిన పదానిది. అదే ఏడాది వాన్ న్యూమన్‌కి క్యాన్సర్ అని తేలింది. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో చేర్చారు. మందుల మత్తులో రహస్యాలు బయటపెడతాడేమో అని గదికి సైనిక కాపలా. 1957 ఫిబ్రవరి 8న పోయాడు. అప్పటికి 53 ఏళ్లు.