నీడకూ తెరకూ నాట్యం నేర్పిన ఉదయ్ శంకర్

అల్మోడా కొండ మీద, ఆరుబయట, చీకటి పడ్డాక ఒక పెద్ద తెల్లని తెర. తెర వెనుక దీపాలు, ఆ దీపాలకూ తెరకూ నడుమ నర్తకులు. ఇవతల కూర్చున్న ప్రేక్షకులకు కనిపించేవి నీడలు మాత్రమే. ఆ నీడలే రాముడు, సీత, రావణుడు. తోలుబొమ్మలాట ఎరిగిన తెలుగువారికి ఈ కిటుకు కొత్తది కాదు. కాకపోతే ఇక్కడ తెర వెనుక ఆడినవి తోలుబొమ్మలు కావు, సజీవమైన దేహాలు. దీపానికి చేరువైన మనిషి నీడ కొండంత పెరుగుతుంది, తెరకు చేరువైతే మామూలు ఆకారానికి వస్తుంది. 1940వ దశకం తొలినాళ్లలో ఈ ఛాయా రామలీలను రూపొందించినవారు ఉదయ్ శంకర్.

ఆయన 1900 డిసెంబరు 8న ఉదయపూర్‌లో జన్మించిన బెంగాలీ. మొదట చిత్రకారుడు. బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, 1920లో లండన్ వెళ్లి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. రష్యన్ బ్యాలే తార అన్నా పావ్లోవా పరిచయం ఆయన దారి మార్చింది. 1923లో ఆమె కోసం రెండు భారతీయ నృత్యరూపకాలను కూర్చి, ఒకదానిలో తాను కృష్ణుడిగా, ఆమె రాధగా నర్తించారు. అప్పటికి ఆయన ఏ శాస్త్రీయ సంప్రదాయాన్నీ గురుముఖంగా అభ్యసించినవారు కారు. పండితులు దీన్ని లోపంగా ఎంచారు. ఆ లోపమే ఆయనకు స్వేచ్ఛనిచ్చిందని చెప్పక తప్పదు. రంగస్థలాన్ని ఆయన చిత్రకారుడి కంటితో చూశారు. వెలుగు ఎక్కడ పడాలి, రంగు ఎక్కడ ఆగాలి అన్నది ఆయనకు అడుగులతో సమానమైన విషయం.

1931లో పారిస్‌లో సొంత బృందంతో ప్రదర్శన ఇచ్చి, ఐరోపా, అమెరికాలలో పేరు గడించారు. చిన్న తమ్ముడు రవిశంకర్ అప్పుడు ఆ బృందంలో బాలనర్తకుడు. తర్వాత అల్మోడాలో ఇండియా కల్చర్ సెంటర్‌ను నెలకొల్పారు. కథాకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్లై, సంగీతానికి అల్లావుద్దీన్ ఖాన్ అక్కడ గురువులు. సినీ దర్శకుడు గురుదత్ అక్కడి విద్యార్థే. ఆ కాలంలోనే కార్మికుణ్ణీ యంత్రాన్నీ ఇతివృత్తంగా తీసుకుని ఒక బ్యాలే కూర్చారు. నర్తకులే యంత్ర భాగాలై కదిలే ఆ రచనలో, యంత్రం మనిషిని మింగివేస్తుందేమోనన్న భయం ఉంది. యంత్రాన్ని అలా శంకించిన మనిషే జీవితాంతం దీపాన్నీ కెమెరానూ ప్రొజెక్టరునూ నాట్యంలోకి రప్పించుకోవడం విశేషం.

యుద్ధకాలంలో నిధులు అందక అల్మోడా కేంద్రం మూతపడింది. శిష్యులు చెల్లాచెదరయ్యారు. చిత్రం గోడ మీద నిలుస్తుంది, నాట్యం నర్తకుడితోనే పోతుంది. దాన్ని నిలిపి ఉంచగలిగినది సినిమా ఒక్కటే. ఆయన మద్రాసు చేరి, జెమినీ స్టూడియోలో 'కల్పన' అనే హిందీ చిత్రం తీశారు. భార్య అమలా శంకర్ ఆయన సరసన నటించారు. వాహినీ వారి 'వందేమాతరం' చిత్రంతో తెలుగువారికి పరిచయమైన కె. రామనాథ్ ఛాయాగ్రహణం నిర్వహించారు. ఒక రచయిత తన కథను నిర్మాతకు వినిపించడంతో చిత్రం మొదలవుతుంది. హిమాలయాల్లో కళాకేంద్రం స్థాపించాలన్న నర్తకుడి కథ అది. మూతపడిన అల్మోడా మళ్లీ తెర మీద లేచింది. నాట్యాన్ని కెమెరా ముందు ఉంచి ఊరక తీసినది కాదది. నీడలు, ఒక దృశ్యంపై మరొక దృశ్యం, కోణాల విన్యాసం అన్నీ కలిసి నాట్యమయ్యాయి. కథలోని నిర్మాత ఆ కథను తిరస్కరిస్తాడు. 1948లో విడుదలైన చిత్రాన్ని బయటి ప్రేక్షకులూ పెద్దగా ఆదరించలేదు. ఆయన మరో సినిమా తీయలేదు.

అయినా తెరను విడిచిపెట్టలేదు. బుద్ధుడి జీవితాన్ని ఛాయానాటకంగా మలిచారు. 1970లో, డెబ్బయ్యో ఏట, కలకత్తాలో 'శంకర్‌స్కోప్' ప్రదర్శించారు. సినిమాలో కనిపించిన పాత్ర తెర దాటి సజీవంగా వేదిక మీదికి వస్తుంది, మళ్లీ తెరలోకి వెళ్లిపోతుంది. ప్రాగ్ కళాకారులు 1958 బ్రస్సెల్స్ ప్రదర్శనలో ఇటువంటి మేళవింపును చూపారు. కంప్యూటర్ల ఊసు లేని ఆ రోజుల్లో ప్రొజెక్టరు నడకకూ నర్తకుడి అడుగుకూ క్షణం తేడా వచ్చినా భ్రమ చెదిరిపోతుంది. పొందిక కుదిరేందుకు అభ్యాసమే ఆధారం.

1971లో పద్మవిభూషణ్ అందుకున్న ఉదయ్ శంకర్ 1977 సెప్టెంబరు 26న కలకత్తాలో కన్నుమూశారు. 'కల్పన' ప్రతి శిథిలమవుతూ వచ్చింది. మార్టిన్ స్కోర్సేసీ స్థాపించిన వరల్డ్ సినిమా ఫౌండేషన్ దాన్ని డిజిటల్ పద్ధతిలో పునరుద్ధరించి 2012లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించింది. 92 ఏళ్ల అమలా శంకర్ అక్కడికి వెళ్లి, అరవై నాలుగేళ్ల నాటి తమ నాట్యాన్ని మళ్లీ తెర మీద చూసుకున్నారు.