కాకినాడకు చేరిన హాల్డేన్ దేహం

ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. రక్తం గడ్డకట్టని హీమోఫిలియా, వర్ణాంధత్వం జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై చేరువలోనే ఉన్నాయని 1937లో జూలియా బెల్‌తో కలిసి చూపారు. తల్లికి రెండు ఎక్స్‌లు. ఒకటి లోపించినా రెండవది సాధారణంగా కాపాడుతుంది. ఒకే ఎక్స్ పొందే కుమారుడికి ఆ అండ ఉండదు.

1957లో భారతదేశానికి వచ్చిన ఆయన తరువాత ఇక్కడి పౌరసత్వమే స్వీకరించారు. తెలుగువారైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యులయ్యారు. మనకు పెళ్లిళ్లలో మామూలు మాటైన మేనరికం గురుశిష్యులకు పరిశోధనాంశమైంది. ఆంధ్రలోని కుటుంబాల నుంచి శిష్యుడు వివరాలు సేకరించారు.

1964 డిసెంబరు 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. వీలునామా ప్రకారం ఆయన దేహాన్ని వైద్య విద్యార్థుల అధ్యయనం కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.