జార్జ్ పెర్రీ

జార్జ్ పెర్రీ (మరణం: 1974) అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి చెందిన రైతు. లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేపను గాలంతో పట్టడంలో ప్రపంచ రికార్డు నెలకొల్పిన వ్యక్తిగా ప్రసిద్ధుడు.

ఆర్థిక మాంద్యం కాలంలో కుటుంబ పోషణ భారం వహించిన పెర్రీ, 1932 జూన్ 2న వర్షం వలన పొలం పనులు సాగక, మిత్రునితో కలిసి మాంట్‌గొమరీ సరస్సుకు చేపల వేటకు వెళ్ళాడు. ఓక్మల్గీ నది పాత పాయ అయిన ఆ సరస్సులో అతనికి 22 పౌండ్ల 4 ఔన్సుల (సుమారు 10.1 కిలోలు) చేప చిక్కింది. హెలెనా పట్టణంలో దానిని తూయించి, వివరాలను ఫీల్డ్ అండ్ స్ట్రీమ్ పత్రిక పోటీకి పంపి బహుమతి పొందాడు. చేపను మాత్రం కుటుంబసభ్యులు వండుకొని తిన్నారు.

పెర్రీ విమాన ప్రమాదంలో మరణించాడు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప కొద్దిగా ఎక్కువ తూగింది. అయితే నిబంధనల ప్రకారం అవసరమైన 2 ఔన్సుల తేడా లేనందున రికార్డు ఇద్దరికీ సమానంగా దక్కింది.