కొలగొలుసు పట్టిన దైవసేవకుడు – డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు

అమెరికా దేశపు తొలినాటి విద్యాలయములలో సువార్త బోధకులే అధ్యక్షులుగా ఉండుట వాడుక. వారిలో కొందరు గణితమునందు కూడ ఆరితేరినవారు. యేల్ కళాశాలను 1817 మొదలు 1846 వరకు నడిపిన జెరెమియా డే గారు అట్టివారే. ఆయన వ్రాసిన బీజగణిత గ్రంథమును ఆ దేశపు విద్యార్థులు చాలకాలము చదివిరి. ఆ దేశమునుండియే మన తీరమునకు వచ్చి, తాను నేర్చిన కొలత లెక్కలను ఆకలిగొన్నవారి కొరకు ఉపయోగించిన క్లౌ దొరగారిని ఈ శతాబ్ది సంచికలో జ్ఞాపకము చేసికొనుట మన విధియని మేము తలంచుచున్నాము. వారు బాప్తిస్టు మిషనుకు చెందినవారైనను వారి సేవ తెలుగు క్రైస్తవులందరి ఆస్తి.

క్లౌ గారు 1836 జూలై 16న న్యూయార్కు రాష్ట్రములో జన్మించిరి. యౌవనమందు మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ సర్వే బృందముతో తిరిగి భూమి కొలుచు విద్యను నేర్చిరి. పిమ్మట అయోవాలో చదువుకొనుచు 1858లో బాప్తిస్మము పొందిరి. 1864 చివర భార్య హారియెట్ అమ్మగారితోను, నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ గారితోను ఓడ ఎక్కి, 1865లో మద్రాసు చేరి నెల్లూరు వచ్చిరి. 1866లో ఒంగోలులో కాపురము పెట్టిరి. ఆ దినములలో ఒంగోలు కూడ నెల్లూరు జిల్లాలోనిదే. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడెను.

ఆరంభములోనే వారికి కఠినమైన పరీక్ష ఎదురాయెను. తాళ్లకొండపాడు వాస్తవ్యుడు, తోళ్ల వర్తకుడు ఎర్రగుంట్ల పేరయ్యగారు 1866లో ప్రభువును అంగీకరించగా మాదిగ పల్లెలలో కదలిక కలిగెను. అదే సమయమున ఒంగోలులోని పెద్ద కులముల వారు కొందరు దొరగారియందు అభిమానము చూపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని, పిల్లలను బడికి పంపమని వారు తెలియజేసిరి. ఎటు పోవలెనో తోచక దొరగారు బైబిలు తెరువగా 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము కనబడెను. వేరొక గదిలో అమ్మగారికి కూడ అదే భాగము కనబడెను. లోకము తృణీకరించిన వారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పు ఆ మాటను దంపతులు ఆజ్ఞగా స్వీకరించిరి. పెద్ద కులముల పిల్లలు బడి విడిచిపోయినను పల్లెవారికి తలుపు మూయలేదు. నేడు మనము ఒకే బల్లయొద్ద కూర్చుండుట వెనుక ఇట్టి నిర్ణయములు ఉన్నవి.

1876 మొదలు 1878 వరకు ధాత కరువు దేశమును పీడించెను. అప్పుడు ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండెను. మన బోగోలుకు తూర్పున తీరము వెంట సాగు కాలువ అదియే. ఇతర మేస్త్రీల క్రింద మాదిగలకు తిట్లు, దెబ్బలు, కూలిలో కోతలు తప్పలేదు. ఇది చూచి దొరగారు కాలువలో సుమారు మూడు మైళ్ల భాగమును తామే కాంట్రాక్టుగా తీసికొనిరి. వెడల్పు, లోతు, కట్టల వాలు, త్రవ్విన మట్టి ఘనపరిమాణము అన్నియు లెక్కకు సరిపడవలెను. మిన్నెసోటాలో నేర్చిన సర్వే విద్య ఇచ్చట పనికివచ్చెను. సంఘపు బోధకులే పైవిచారణదారులైరి. పురుషులు త్రవ్వగా స్త్రీలు తట్టలతో మట్టి మోసిరి. కొలత న్యాయముగా జరిగెను, కూలి సక్రమముగా ముట్టెను. విశ్రాంతి వేళలలో బోధకులు వారితో కూర్చుండి సువార్త చెప్పిరి.

అనేకులు బాప్తిస్మము కోరిరి. కాని కూటి కొరకు మతము మారిరను నింద రాకూడదనియు, ఆశ ఉన్నంతకాలము విశ్వాసమును తూచలేమనియు తలంచి, దొరగారు సుమారు 15 నెలలు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కరువు తీరి, సహాయమిచ్చుట ఆగిన తరువాత కూడ జనులు విడువక వచ్చిరి. అప్పుడు 1878 జూలైలో వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగి ఆ పని నెరవేర్చిరి. దొరగారు ప్రక్కన నిలిచి చూచుకొనిరి.

అంతమందికి చదువు చెప్పుట బాప్తిస్మమిచ్చుటకంటె కష్టమైన పని. మన తీరముననే రామాయపట్నములో 1872లో మొదలైన వేదాంత పాఠశాల బోధకులను తయారుచేసెను. పల్లె పల్లెకు బడి కావలెనని దొరగారు శ్రమించిరి. అక్షరము ముట్టరాదని చెప్పబడిన వారి బిడ్డలు ఉపాధ్యాయులైరి.

వారు 1910 నవంబరు 24న అమెరికాలోని రాచెస్టరులో ప్రభునందు నిద్రించిరి. ఒంగోలులో క్లౌ స్మారక ఆసుపత్రి వారి పేరిట వెలసినది.

పడవలు తిరిగిన ఆ కాలువ నేడు చాలచోట్ల పూడిపోయినది. దాని గట్టున నడచునప్పుడు, తట్టలు మోసిన మన పూర్వికులను, వారి కూలిని న్యాయముగా కొలిచిన ఆ దైవసేవకుని మన పిల్లలకు చెప్పుదము. మన సంఘములలో కులము పేరిట ఎవరినైనను వెనుక బెంచీకి నెట్టుచున్నామేమో పరీక్షించుకొందము. అట్లు చేసిననే ఈ శతాబ్ది పండుగకు అర్థమని మా మనవి.