డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి

1886లో పుదుక్కోట సంస్థానమున జన్మించిన ముత్తులక్ష్మీరెడ్డి వైద్యురాలై, చెన్నపురి శాసనసభకు నామినేటై ఉపాధ్యక్షురాలాయెను. పాఠశాల పిల్లలకు వైద్యపరీక్ష యేల చేయింపరని ప్రభుత్వమును నిలదీసెను. అంతకంటె గొప్పపని మరియొకటి గలదు. దేవదాసీల యినాముభూములు ఆలయసేవకు ముడివడియుండెను. సేవ మానినచో భూమి పోవును. ఈ ముడి బలమెట్టిదో భూవసతిగల మన పాఠకులకు వేరుగ చెప్పనేల? 1929 నాటి శాసనముచే ఆమె దానిని విప్పించెను. ఎదిరించినవారిలో దేశభక్తులును ఉండిరని వ్రాయుటకు మేము సిగ్గుపడుచున్నాము. ఆమె తల్లి ఆ కులమునందే పుట్టినది. గాంధీమహాత్ముని నిర్బంధించినందులకు 1930లో సభ్యత్వమును త్యజించెను. దేవదాసీల సమర్పణము 1947లో గాని నిషిద్ధము కాలేదు. తన సోదరిని పొట్టనబెట్టుకొన్న రాచపుండును ఆమె మరువలేదు; 1954లో అడయారున క్యాన్సరు వైద్యశాలను తెరిపించెను.