స్వామి వివేకానంద ఏ పనులు అప్పగించారు, ఏవి తన దగ్గరే ఉంచుకున్నారు?



వివేకానందుడు అనగానే అందరికీ గుర్తొచ్చేది 1893 షికాగో సభ. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడారని మన హైదరాబాద్ వాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. ఆ తర్వాత మిగిలిన తొమ్మిదేళ్లలో ఆయన ఇంకో పని కూడా చేశారు. దాని గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. తన చేతుల్లో ఉన్న పనుల్ని ఒక్కొక్కటిగా తోటివాళ్ల చేతుల్లో పెట్టేశారు.

టీమ్ నడిపేవాళ్లకీ, సొంత వ్యాపారం చేసేవాళ్లకీ, గుడిలో సేవా గ్రూప్ చూసుకునేవాళ్లకీ ఈ కష్టం బాగా తెలుసు. అన్నీ మనమే చేస్తే అలిసిపోతాం, వేరేవాళ్లకి ఇస్తే పాడవుతుందేమోనని భయం. మరి స్వామీజీ ఏం చేశారో చూద్దాం.

లండన్‌లో తొలి అడుగు

1896లో పడమటి దేశాల్లో ఆయనకి మంచి పేరుంది. పిలుపులు ఆగట్లేదు, ఒంట్లో మాత్రం ఓపిక తగ్గుతోంది. అప్పుడు భారతదేశం నుంచి గురుసోదరుల్ని పిలిపించారు. శారదానంద స్వామి లండన్ మీదుగా న్యూయార్క్ వెళ్లారు. ఆ తర్వాత అభేదానంద స్వామి లండన్ వచ్చారు.

అక్టోబర్‌లో లండన్‌లో ఒక సభలో అభేదానంద మాట్లాడతారని స్వామీజీ ముందే ప్రకటించేశారు. అప్పటిదాకా ఆయన అలాంటి సభలో మాట్లాడిందే లేదు. పైగా అది ఇంగ్లీషులో! గాభరా పడ్డా, చివరికి లేచి వేదాంతం మీద చక్కగా మాట్లాడారు. అందరికన్నా ఎక్కువ సంతోషపడింది స్వామీజీయే. ఆ డిసెంబర్‌లో అక్కడి పని అభేదానందకి వదిలేసి ఇండియాకి బయలుదేరారు.

గమనించారా? నేర్చుకున్నాక ఇద్దామని ఆయన ఆగలేదు. పని ఇచ్చారు, పక్కనే కూర్చున్నారు, కుదురుకున్నాక వెళ్లిపోయారు.

ఎవరికి ఏది?

1897 మే 1న కలకత్తా బాగ్‌బజార్‌లో, బలరామ్ బోస్ గారి ఇంట్లో రామకృష్ణ మిషన్ మొదలైంది. ఇలా సంఘాలు, పదవులు పెట్టడం పడమటి పద్ధతి కదా, మన గురువుగారి దారి ఇదేనా అని యోగానంద స్వామి సందేహపడ్డారు. స్వామీజీ దాన్ని కొట్టిపారేయలేదు, వాదించి ఒప్పించారు. తోటివాళ్ల మనసు ఒప్పకుండా పని అప్పగిస్తే అది నిలబడదని ఆయనకి తెలుసు.

పంచడంలోనూ ఆయనకో లెక్క ఉంది. బ్రహ్మానంద స్వామికి రాజ్యాన్ని ఏలగల బుద్ధి ఉందని శ్రీరామకృష్ణులే అన్నారట. స్వామీజీ ఆ మాట మర్చిపోలేదు. విదేశాల్లో పోగైన డబ్బు తెచ్చి ఆయన చేతిలోనే పెట్టారు. విజ్ఞానానంద స్వామి పూర్వాశ్రమంలో ఇంజనీరు, కాబట్టి బేలూరు మఠం కట్టడం పని ఆయన చూసుకున్నారు. బెంగాలీ పత్రిక ఉద్బోధన్ బాధ్యత త్రిగుణాతీతానంద స్వామికి వెళ్లింది.

అన్నిటికన్నా కష్టమైనది రామకృష్ణానంద స్వామి విషయం. గురుదేవులు వెళ్లిపోయినప్పటి నుంచి దాదాపు పదకొండేళ్లు ఆయన అస్థికల పూజ వదిలి ఎక్కడికీ కదల్లేదు. తీర్థయాత్రలకి కూడా పోలేదు. అలాంటి మనిషిని 1897లో మద్రాసు వెళ్లమన్నారు. ఆయన మారుమాట లేకుండా బయలుదేరారు. పూజ బాధ్యత ప్రేమానంద స్వామి తీసుకున్నారు. దక్షిణాదిన తొలి మఠం అలా పుట్టింది. పూజ వదిలి వెళ్లినా ఆయనకి భక్తి తగ్గలేదు. ఆ భక్తే మద్రాసుని నిలబెట్టింది.

కొన్నిసార్లు పని అప్పగించాల్సిన అవసరం కూడా రాలేదు. అదే ఏడాది ముర్షిదాబాద్ జిల్లాలో కరువు చూసి అఖండానంద స్వామి అక్కడే ఆగిపోయి సేవ మొదలుపెట్టారు. ఎవర్ని అడిగి చేశావని స్వామీజీ అనలేదు. మనుషుల్ని, డబ్బుని పంపారు.

ఏవి వదల్లేదు?

మొదటిది, దిశ. మఠం ఎందుకుందో, సన్యాసి ఎలా బతకాలో చెప్పే నియమాలు తానే చెప్పి రాయించారు. రెండోది, మనుషుల్ని తయారు చేయడం. కుర్ర సన్యాసులకి పాఠం చెప్పడం, తిట్టడం, నవ్వించడం చివరిదాకా మానలేదు. మూడోది, లెక్క. పని ఎవరిదైనా ఏ కారణానికి వచ్చిన డబ్బు దానికే ఖర్చవ్వాలని పట్టుబట్టేవారు. ఉత్తరాల్లో గట్టిగా మందలించిన సందర్భాలూ చాలానే ఉన్నాయి.

ఇంకొకటుంది. 1898 డిసెంబర్ 9న బేలూరులో కొత్త మఠం ప్రతిష్ఠ. గురుదేవుల అస్థికలున్న పాత్రని భుజం మీద పెట్టుకుని నడిచింది స్వామీజీయే. మొయ్యడానికి చుట్టూ ఎంతమంది ఉన్నా, ఆ బరువు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

చివరి సంతకం

1900 డిసెంబర్‌లో రెండో విదేశీ యాత్ర నుంచి తిరిగొచ్చేసరికి మధుమేహం, ఆయాసం ఆయన్ని బాగా కుంగదీశాయి. 1901 ఆరంభంలో మఠం ఆస్తిని ట్రస్టుకి రాసిచ్చారు. ట్రస్టీలుగా గురుసోదరుల పేర్లున్నాయి. అందులో ఆయన పేరు లేదు! అధ్యక్షుడిగా బ్రహ్మానందని ఎన్నుకున్నారు. తాను తెచ్చిన డబ్బుతో లేచిన మఠంలో ఏ పదవీ లేని సన్యాసిగా మిగిలారు.

పని ఇవ్వడం మనలో చాలామందికి వచ్చు. అధికారం మాత్రం మన దగ్గరే అట్టిపెట్టుకుంటాం, ప్రతి చిన్నదానికీ మనల్నే అడగాలనుకుంటాం. స్వామీజీ రెండూ ఇచ్చేశారు, అదీ తాను బతికుండగానే.

1902 జూలై 4న, నలభై ఏళ్లు నిండకుండానే ఆయన శరీరం వదిలారు. మఠం ఆగలేదు. బ్రహ్మానంద స్వామి 1922 దాకా, కార్యదర్శిగా శారదానంద స్వామి 1927 దాకా నడిపించారు. మద్రాసులో రామకృష్ణానంద స్వామి 1911 దాకా సేవ చేశారు.

ఈ వారం పూజ అయ్యాక ఓ ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. మీరు మోస్తున్న వాటిలో నిజంగా మీ భుజమే మొయ్యాల్సిన పాత్ర ఏది? అది తెలిస్తే, మిగతావి ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడం అంత కష్టం కాదు.

జై శ్రీరామకృష్ణ!